పుట గీసే భాషకు కంచె: ఘోస్ట్‌స్క్రిప్ట్ జీవితకథ

అచ్చు కావలసిన పుటను చుక్కల పటంగా పంపకుండా, ఆ పుటను ఏ క్రమంలో ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాముగా ప్రింటరుకు పంపాలన్న ఆలోచన 1970ల అమెరికాలో మొలకెత్తింది. ఎవాన్స్ అండ్ సదర్లాండ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సంస్థలో జాన్ గాఫ్నీ 1976 ప్రాంతంలో త్రిపరిమాణ రూపాలను వర్ణించడానికి ఒక భాషను తయారుచేశారు. అక్కడే పనిచేస్తున్న జాన్ వార్నాక్ 1978లో జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి మారినప్పుడు ఆ ఆలోచనను వెంట తీసుకువెళ్ళి, మార్టిన్ న్యూవెల్‌తో కలిసి దాన్ని జామ్ అనే భాషగా తిరిగి రాశారు. ఆ అనుభవం నుంచి ఇంటర్‌ప్రెస్ అనే అచ్చు భాష పుట్టింది గాని, జెరాక్స్ దాన్ని బయటి ప్రపంచానికి విడుదల చేయడానికి ముందుకు రాకపోవడంతో, వార్నాక్, ఆయన పై అధికారి చార్ల్స్ గెష్కీ ఇద్దరూ ఉద్యోగాలు వదులుకొని 1982 డిసెంబరులో అడోబీ సంస్థను స్థాపించారు. 1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ భాషను వెలువరించగా, మరుసటి ఏడాది యాపిల్ సంస్థ ఆ భాషను చదివే లేజర్‌రైటర్ ప్రింటరును 6,995 డాలర్ల ధరకు బజారులో పెట్టింది. ఆ ప్రింటరులోని మోటరోలా 68000 ప్రాసెసరు వేగం 12 మెగాహెర్ట్జ్ కాగా, దానికి పత్రాలు పంపే మకింటాష్ కంప్యూటరులో అదే ప్రాసెసరు 8 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. ప్రోగ్రామును నడిపి పుటను గీసే బరువంతా ప్రింటరు మీదనే పడింది కనుక, ఆజ్ఞ ఇచ్చే యంత్రం కంటే ఆజ్ఞ అందుకొనే యంత్రమే చురుకైనది కావలసి వచ్చింది.

ఈ కథలోని చిక్కులన్నీ ఆ భాష నడిచే తీరులోనే ఉన్నాయి కనుక దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పోస్ట్‌స్క్రిప్ట్‌లో వ్యాకరణం అంటూ దాదాపు ఏమీ లేదు. ప్రోగ్రామును చదివి అప్పటికప్పుడు అమలుచేసే ఇంటర్‌ప్రెటరు అంకెలను, పేర్లను వచ్చిన వరుసలో చదువుతూ, విలువ కనబడితే దాన్ని స్టాక్ అనే దొంతరపై పెడుతుంది. ఆపరేటరు కనబడితే, అంటే ఏదో ఒక పనిని సూచించే పదం కనబడితే, ఆ పనికి కావలసినన్ని విలువలను దొంతర పైనుంచి తీసుకొని ఫలితాన్ని మళ్ళీ దొంతరపైనే పెడుతుంది. విస్తళ్ళ దొంతరలో చివర పెట్టిన విస్తరే ముందు చేతికి వచ్చినట్టు ఇక్కడ కూడా చివరి విలువే ముందు వస్తుంది. ‘3 4 యాడ్’ అని రాస్తే 7 మిగులుతుంది. ‘72 720 మూవ్‌టు’ అని రాస్తే, అంగుళానికి 72 భాగాల లెక్కన, కాగితం ఎడమ అంచు నుంచి ఒక అంగుళం, అడుగు నుంచి పది అంగుళాల దూరాన ఉన్న బిందువుకు కలం చేరుకుంటుంది.

యాడ్ అన్న పదానికి కూడిక అనే అర్థం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఇంటర్‌ప్రెటరు దగ్గర నిఘంటువుల దొంతర ఒకటి ఉంటుంది. వాటిలో అన్నిటికంటే అడుగున ఉండే వ్యవస్థ నిఘంటువులో యాడ్, మూవ్‌టు, షోపేజ్ వంటి ఆపరేటర్లన్నీ నమోదై ఉంటాయి, దానిపైన పత్రం సొంత నిర్వచనాలు చేసుకొనే నిఘంటువు ఉంటుంది. పేరు ఎదురైనప్పుడు పైనుంచి కిందికి వెతికి, మొదట దొరికిన అర్థాన్నే ఇంటర్‌ప్రెటరు తీసుకుంటుంది. అందువల్ల ఒక పత్రం తన నిఘంటువులో యాడ్ అంటే తీసివేత అని రాసుకుంటే ఆ తరువాత 3, 4 కలిస్తే మైనస్ 1 అవుతుంది. ఈ వెసులుబాటు తుంటరితనానికి ఉద్దేశించినది కాదు. ఒక పుటలో మరొక పత్రం నుంచి తెచ్చిన బొమ్మను ఇమడ్చేటప్పుడు, ఆ బొమ్మ చివర ఉండే షోపేజ్ ఆజ్ఞ పుటను సగంలో బయటికి తోసేయకుండా, షోపేజ్ అంటే ఏమీ చేయకూడదని ముందే నిర్వచించి పెట్టడం పుటలు కూర్చే ప్రోగ్రాములకు మామూలైపోయింది. ఆపరేటర్లను తమకు తగినట్టు మలచుకోగలగడమే పోస్ట్‌స్క్రిప్ట్‌కు ఇంత దీర్ఘాయువు ఇచ్చిందని చెప్పినా తప్పు లేదు. దీనికి విరుగుడుగా బైండ్ అనే ఆపరేటరు కూడా ఉంది: ఒక ప్రొసీజరులోని, అంటే పేరుపెట్టి దాచుకున్న ఆజ్ఞల వరుసలోని ఆపరేటరు పేర్లను తీసేసి వాటి స్థానంలో ఆపరేటర్లనే నేరుగా పెట్టడం దాని పని కనుక, ఆ తరువాత ఎవరు ఆ పేరుకు ఏ కొత్త అర్థం ఇచ్చినా ఆ ప్రొసీజరు చెదరదు.

ఫైళ్ళను తెరిచే ఆపరేటర్లు, చెరిపేసే ఆపరేటర్లు కూడా ఆ వ్యవస్థ నిఘంటువులోనే ఉన్నాయి. ప్రింటరు వరకు అదొక పెద్ద ప్రమాదంగా ఎవరికీ తోచలేదు. ఒక పత్రం చేసిన మార్పులు తరువాతి పత్రానికి అంటకుండా ప్రతిదాన్నీ సేవ్, రెస్టోర్ అనే రెండు ఆపరేటర్ల నడుమ నడిపించేవారు, అంటే పని మొదలయ్యే ముందు స్థితిని దాచి, ముగిశాక ఆ స్థితినే తిరిగి నిలిపేవారు. ప్రింటరులో శాశ్వతమైన మార్పు చేయాలంటే ఎగ్జిట్‌సర్వర్ అనే ఆపరేటరుకు సంకేతపదం ఇవ్వాలి. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు ఆ సంకేతపదం సున్నా. ప్రింటరులో ఫాంట్లను నిలవచేసే ప్రోగ్రాములు చాలావరకు అది సున్నాయే అనుకొని రాసినవి కనుక, జాగ్రత్తపరులు దాన్ని మార్చిన చోట ఆ ప్రోగ్రాములే మొరాయించేవి.

ఇదే భాషను ప్రింటరులో కాక మామూలు కంప్యూటరులోనే చదివించే ఇంటర్‌ప్రెటరును ఎల్. పీటర్ డాయిచ్ 1986లో రాయడం మొదలుపెట్టి 1988 ఆగస్టులో విడుదల చేశారు. పాఠశాల విద్యార్థిగా ఉండగానే పీడీపీ-1 కంప్యూటరుకు లిస్ప్ భాషను రాసిపెట్టిన డాయిచ్, పాలో ఆల్టో కేంద్రంలో స్మాల్‌టాక్ భాషను వేగంగా నడిపే పద్ధతులకు పేరుపడినవారు. ఘోస్ట్‌స్క్రిప్ట్ అని పేరు పెట్టుకున్న ఆ ఇంటర్‌ప్రెటరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి చెందిన గ్నూ ప్రాజెక్టు కోసం ఆరంభమై, ఖరీదైన పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు లేనివారికి చవక ప్రింటరు మీద అవే పుటలను అచ్చు వేసుకొనే వీలును, తెర మీద చూసుకొనే వీలును, తరువాతి కాలంలో పీడీఎఫ్‌గా మార్చుకొనే వీలును కల్పించింది. 2002లో డాయిచ్ ఈ పని నుంచి విరమించి సంగీత రచన వైపు మళ్ళగా, కాలిఫోర్నియాలోని ఆర్టిఫెక్స్ సంస్థ దాని పోషణను కొనసాగించింది. అప్పటికే లినక్స్ అచ్చు వ్యవస్థలలోను, పత్రాలను తెరిచి చూపే ప్రోగ్రాములలోను, వెబ్ సర్వర్లలో బొమ్మలను కుదించే ఇమేజ్‌మ్యాజిక్ వంటి పనిముట్ల వెనుకను అది కనబడకుండా కూర్చొని ఉంది.

ప్రింటరు వదిలి కంప్యూటరులోకి రావడంతో ప్రమాదం స్వరూపమే మారిపోయింది. ప్రింటరులో చెరపడానికి పెద్దగా ఫైళ్ళు ఉండవు. కంప్యూటరులో మనిషి రాతకోతలన్నీ ఉంటాయి. పైగా ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో ‘%పైప్%’ అని మొదలయ్యే పేరుతో ఒక ఫైలును తెరవమంటే, ఆ పేరులో మిగిలిన భాగాన్ని ఆపరేటింగ్ సిస్టంకు ఇచ్చిన ఆజ్ఞగా భావించి నడిపే సదుపాయం ఉంది. అచ్చు వేసిన పుటను నేరుగా ప్రింటరు వరుసలోకి పంపడానికి అది అక్కరకు వచ్చేదే గాని, పుటను తెరిచి చూసినంత మాత్రాన అపరిచితుడి ఆజ్ఞ ఏదైనా నడిచిపోయే దారి కూడా అదే. దీనికి జవాబుగా వచ్చినదే సేఫర్ అనే ఐచ్ఛికం. నమ్మకం లేని ప్రోగ్రామును దానికి కేటాయించిన ఎల్ల దాటనీయకుండా నడిపించే ఏర్పాటును కంప్యూటర్ పరిభాషలో శాండ్‌బాక్స్ అంటారు; సేఫర్ అటువంటిది. దాన్ని ఎంచుకుంటే ఫైళ్ళను రాయడం, చెరపడం, పైపు తెరవడం ఆగిపోయి, ప్రయత్నించిన ప్రోగ్రాముకు పొరపాటు సందేశం మాత్రమే దక్కేది. కాని ఎంచుకోవలసిన బాధ్యత వాడేవారిది, అనుమతుల పట్టిక ఉన్న చోటు ఇంటర్‌ప్రెటరు లోపల. ఆ పట్టికను నింపి తాళం వేసేది కూడా పోస్ట్‌స్క్రిప్ట్‌లోనే రాసిన ఆరంభ ప్రోగ్రాము. కాపలావాడు కూడా ఖైదీ మాట్లాడే భాషనే మాట్లాడుతూ, అదే గదిలో కూర్చున్నాడన్నమాట.

ఆరంభ ప్రోగ్రాము పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఉండటానికి తగిన కారణం ఉంది. డాయిచ్ ఇంటర్‌ప్రెటరు మూలాన్ని సీ భాషలో రాసినా, ఫాంట్లను వెతికి తేవడం, రంగుల పట్టికలు కూర్చడం, చివరికి పీడీఎఫ్ పత్రాలను చదవడం కూడా పోస్ట్‌స్క్రిప్ట్‌లోనే రాసుకుంటే మార్పులు చేయడం తేలికయ్యేది. అయితే అడోబీ నిర్దేశించిన ఆపరేటర్లు వీటన్నిటికీ చాలవు. అందుకని ఘోస్ట్‌స్క్రిప్ట్ తనవైన ప్రత్యేక ఆపరేటర్లను చేర్చుకుంటూ పోయింది. బయటివారి పేర్లతో కలగలిసిపోకుండా వాటి పేర్లకు ముందు ఒక చుక్క పెట్టేవారు. సీ భాషలోని పట్టికలో ఒక్కొక్క ఆపరేటరు పేరుకు ముందు ఒక అంకె ఉంటుంది, అది ఆ ఆపరేటరుకు స్టాక్ మీద కనీసం ఎన్ని విలువలు ఉండాలో చెబుతుంది. ‘3.ఫోర్స్‌పుట్’ అన్న నమోదుకు అర్థం ఇదే: నిఘంటువు, పదం, కొత్త అర్థం అనే మూడింటిని తీసుకొని ఆ పదానికి ఆ అర్థాన్ని రాసే ఆపరేటరు అది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో అందరికీ ఉన్న పుట్ ఆపరేటరు చేసేదీ ఇదే. తేడా ఒక్కటే, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదని ముద్ర పడిన నిఘంటువులో కూడా ఫోర్స్‌పుట్ రాసేయగలదు. అనుమతుల పట్టిక కూడా చివరికి అటువంటి ముద్ర వెనకాలే ఉంది కనుక, ఈ ఒక్క ఆపరేటరు చేతికి చిక్కిన పత్రానికి సేఫర్ లేనట్టే.

మేక్‌ఆపరేటర్ అనే మరొక చుక్క ఆపరేటరు, పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన మామూలు ప్రొసీజరును ఆపరేటరులాగా కనబడేటట్టు చేస్తుంది. ప్రొసీజరు అయితే దాన్ని విప్పి లోపలి ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదవవచ్చు. ఆపరేటరు ముసుగు వేశాక అది మూసిన పెట్టె అవుతుంది, నడపవచ్చు గాని విప్పలేము. మొత్తం వ్యవస్థను ఈ విధంగా మలచుకొనే అవకాశం బయటివారికి కూడా కొంతకాలం ఉండేది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ పరిశోధకులు 1990లలో రాసిన పీఎస్‌టుటెక్స్ట్ అనే ప్రోగ్రాము, పోస్ట్‌స్క్రిప్ట్ పత్రం నుంచి అక్షరాలను మాత్రమే వెలికితీయడానికి, అక్షరాలు గీసే ఆపరేటర్లకు కొత్త నిర్వచనాలు ఇస్తుంది. అటువంటి వాటి కోసమే బైండ్ పనిని వాయిదా వేయించే డిలేబైండ్ ఐచ్ఛికాన్ని ఘోస్ట్‌స్క్రిప్ట్ కల్పించింది. శాండ్‌బాక్స్ ఉన్న వ్యవస్థలో సొంత ఆపరేటర్లకు చోటు ఇవ్వడం ఎంత అవసరమో ఈ ఉదాహరణ చాలినంతగా చూపిస్తుంది. ఆ చోటుకు వెల ఎంతో తెలియడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

2017 ఏప్రిల్‌లో బయటపడిన లోపానికి మూలం రెండు ప్రొసీజర్లు ఒకటేనా అని పోల్చి చెప్పే ఎక్‌ప్రాక్ అనే చిన్న చుక్క ఆపరేటరు. తనకు అందిన విలువలను సరిగా పరీక్షించకపోవడం వల్ల స్టాక్ లెక్క తప్పి, ఒక రకం వస్తువును మరొక రకం వస్తువుగా చదివించే వీలు దాడి చేసేవారికి చిక్కింది. 2018 ఆగస్టులో గూగుల్ భద్రతా పరిశోధకుడు టావిస్ ఆర్మండీ చూపించినది ఇంకా సులువైనది. అదివరకు చెప్పుకున్న రెస్టోర్ ఆపరేటరుకు పనికిరాని విలువను అందించి అది విఫలమయ్యేటట్టు చేసి, ఆ పొరపాటును పట్టుకొని పక్కన పెడితే, ఆ తరువాత అనుమతి పరీక్షలు పనిచేయడం మానేసేవి. పని మధ్యలో తాత్కాలికంగా తెరిచిన తాళం, ఆ పని విఫలమైన దారిలో తిరిగి పడేది కాదు. కొద్ది వరుసల పోస్ట్‌స్క్రిప్ట్‌తో పైపు తెరుచుకొని ఆజ్ఞ నడిచేది. బొమ్మ పేరు చివర జేపెగ్ అని ఉన్నా, లోపలి మొదటి అక్షరాలను బట్టి అది పోస్ట్‌స్క్రిప్ట్ అని గుర్తించి ఘోస్ట్‌స్క్రిప్ట్‌కు అప్పగించడం ఇమేజ్‌మ్యాజిక్ అలవాటు కనుక, బొమ్మలు ఎక్కించుకొనే ఏ వెబ్‌సైటు వెనకాలనైనా ఈ ముప్పు పొంచి ఉండేది. పోస్ట్‌స్క్రిప్ట్, పీడీఎఫ్ పత్రాలను తెరవకుండా ఇమేజ్‌మ్యాజిక్‌ను కట్టడి చేయమని ఆర్మండీ లినక్స్ పంపిణీదారులకు సూచించారు.

2019 మొత్తం ఫోర్స్‌పుట్ చుట్టూ గడిచిందనవచ్చు. ఆరంభ దశ ముగియగానే ఆ పేరును వ్యవస్థ నిఘంటువు నుంచి తుడిచేయడం ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో ఎప్పటి నుంచో ఉన్నదే. కాని బైండ్ పనితీరును గుర్తుచేసుకుంటే అది చాలదని తెలుస్తుంది: పేరు పోయినా, బైండ్ అయిన ప్రొసీజర్ల లోపల ఆ ఆపరేటరు వస్తువుగా అలాగే మిగిలి ఉంటుంది, ఉండకపోతే అవి పనిచేయవు కూడా. అందుచేత దాడి చేసేవారి పని, ఏ ప్రొసీజరులో అది దాగి ఉందో కనిపెట్టి దాన్ని విప్పించడం. దానికి పోస్ట్‌స్క్రిప్ట్‌లో పొరపాట్లు తెలియజేసే పద్ధతే సాయపడింది. ఏదైనా ఆపరేటరు తప్పిపోయినప్పుడు, ఏ వస్తువు నడుస్తుండగా తప్పు జరిగిందో ఆ వస్తువును ఇంటర్‌ప్రెటరు స్టాక్ మీద పెట్టి, పొరపాటును సంభాళించే ప్రొసీజరుకు అప్పగిస్తుంది; ఆ సంభాళించే ప్రొసీజరును పత్రమే రాసుకోవచ్చు. ఆపరేటరు ముసుగు వేసిన పెట్టె స్టాక్ మీదికి వచ్చినా ముసుగుతోనే వస్తుంది, ఇబ్బంది లేదు. ఆ పెట్టె లోపల ‘ఫలానా షరతు నిజమైతే ఇది చేయి’ అని రాసిన చిన్న ప్రొసీజర్లు ఉంటాయి గదా, వాటికి విడిగా ముసుగు వేయడం చాలాచోట్ల మరిచిపోయారు. సరిగా అటువంటి చిన్న ప్రొసీజరు నడిచే క్షణంలో తప్పు జరిగేటట్టు ఒక విచిత్రమైన విలువను అందిస్తే, విప్పడానికి వీలైన ఆ ముక్క పత్రం చేతికి వచ్చి పడుతుంది, అందులోనుంచి ఫోర్స్‌పుట్‌ను ఏరుకోవచ్చు.

ఆ ఏడాది జనవరిలో ఆర్మండీ దీన్ని వెల్లడించిన తరువాత, నడపడానికి మాత్రమే అనుమతించే ఎగ్జిక్యూట్‌ఓన్లీ ముద్రను అటువంటి ముక్కలకు తగిలించుకుంటూ పోయారు. పోయినకొద్దీ మరొక చోట మరొక ముక్క బయటపడింది. ఫాంట్లను కట్టే బిల్డ్‌ఫాంట్1లో ఒకసారి, వాడుకరి నియమాలను మార్చే సెట్‌యూజర్‌పారమ్స్2లో ఒకసారి, అక్షరాల పట్టికను చూసే చార్‌కీస్‌లో ఇంకొకసారి. ఏప్రిల్‌లో వచ్చిన 9.27 సంచికలో అంతర్గత ఆపరేటర్ల పేర్లను పెద్ద ఎత్తున బయటివారికి అందకుండా తీసేశారు. ఈ మరమ్మతులు చేసిన ఇంజనీర్ల ఓపికను తక్కువ చేయనక్కరలేదు గాని, వందల ప్రొసీజర్లలో ఒక్కదానికి ముద్ర మరిచిపోతే కంచె మొత్తం కూలిపోయే ఏర్పాటును ఎంత ఓపికా నిలబెట్టలేదు.

2019 అక్టోబరులో వచ్చిన 9.50 సంచిక ఆ ఏర్పాటునే మార్చింది. ఏ ఫైలును చదవవచ్చు, దేన్ని రాయవచ్చు, దేన్ని చెరపవచ్చు అన్న పట్టికలు పోస్ట్‌స్క్రిప్ట్ కంటికి కనబడని చోటికి, సీ భాషలోని అంతర్భాగంలోకి వెళ్ళిపోయాయి. వాటిని ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను పిలిచే మనిషి ఆజ్ఞావరుసలో చెప్పాలి, లేదా దాన్ని తనలో ఇముడ్చుకున్న ప్రోగ్రాము చెప్పాలి. పత్రం మాత్రం ఏ ఆపరేటరుతోనూ వాటిని తాకలేదు. ఫైలును నిజంగా తెరిచే సీ ఫంక్షను దగ్గరే తనిఖీ జరుగుతుంది కనుక, ఫోర్స్‌పుట్ ఎవరి చేతికి చిక్కినా అది మార్చగలిగేది నిఘంటువులనే, ఫైళ్ళ అనుమతులను కాదు. పైగా సేఫర్ ఇకమీదట ఐచ్ఛికం కాదు, వద్దనుకున్నవారే ప్రత్యేకంగా తీసేసుకోవాలి. 2022లో, పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన పీడీఎఫ్ ఇంటర్‌ప్రెటరు స్థానంలో సీ భాషలో రాసినది స్థిరపడటంతో, అంతర్గత ఆపరేటర్లను అంతగా నమ్ముకోవలసిన అతిపెద్ద ప్రోగ్రాము కూడా పక్కకు తప్పుకుంది. అదే ఏడాది యాపిల్ తన వెంచురా ఆపరేటింగ్ సిస్టంలోని ప్రివ్యూ ప్రోగ్రాములో పోస్ట్‌స్క్రిప్ట్ పత్రాలను చూపడమే మానుకుంది. లేజర్‌రైటర్‌తో ఆ భాషను లోకానికి పరిచయం చేసిన సంస్థకు అది సుఖమైన పరిష్కారమే అయినా, పాత పత్రాలు ఉన్నవారికి కాదు.

కొత్త కంచెకూ పరీక్షలు తప్పలేదు. 2023లో, ఫైలు పేర్లలో పై ఫోల్డరును సూచించే చుక్కల వంటివాటిని చక్కబెట్టే రొటీను, పైపు పేర్లను కూడా మామూలు ఫైలు పేర్లుగానే చదవడం వల్ల అనుమతి పరీక్ష తప్పుదారి పట్టింది; దాన్ని సరిచేసి 10.01.2 సంచికను విడుదల చేశారు. 2024లో నెదర్లాండ్స్‌కు చెందిన కోడియన్ ల్యాబ్స్ వెల్లడించిన లోపం ఇంతకంటే ఆలోచింపజేసేది. యూనిప్రింట్ అనే పాత ప్రింటరు డ్రైవరు, కాగితాన్ని కిందికి జరపడానికి ప్రింటరుకు పంపే ఆజ్ఞ ఎలా ఉండాలో ఒక మూస రూపంలో పత్రం నుంచే స్వీకరిస్తుంది. రకరకాల ప్రింటర్లకు ఒకే డ్రైవరు సరిపోవాలన్నదే అందులోని ఉద్దేశం. ఆ మూసను అది సీ భాషలోని ముద్రణ ఫంక్షనుకు యథాతథంగా అందించేది. ఆ ఫంక్షను మూసలోని కొన్ని గుర్తులను బట్టి కంప్యూటరు మెమరీలోని చిరునామాలను చదవగలదు, వాటిలో రాయగలదు కూడా. పరిశోధకులు ఆ దారిన మెమరీలోకి చేరి, ఫైళ్ళ అనుమతుల తనిఖీ అమలులో ఉందా లేదా అని చెప్పే ఒకే ఒక్క గుర్తును చెరిపేయగానే సేఫర్ మొత్తం ఆగిపోయింది. 10.03.1 సంచికలో దీనికి చేసిన మరమ్మతు చాలా చిన్నది: సేఫర్ అమలులోకి వచ్చాక యూనిప్రింట్ మూసలను పత్రం మార్చడానికి వీల్లేదు.